రెండిండ్ల నడుమ సందు

“ప్రవళికను ఆఖరుసారి ఎప్పుడు చూసిండ్రు సేటూ?” అని అడిగింది యమున.

లింగన్న కండువాతో మెడ తుడుచుకున్నాడు. “నిన్న పొద్దూకంగ. సంత ఇంటి కింద నిలబడి నాతోని కొట్లాడింది. గంతే. మళ్ళ కనవడలే.”

“దేనికి కొట్లాట?”

“దేనికి గాదమ్మా? ప్లాస్టిక్ రంగు ఏద్దామంటె సున్నమే అంటది. తలుపుల మీద వినాయకుణ్ణి చెక్కిద్దామంటె వద్దంటది. ఇండ్లు కలిపి కడుదామంటె నడుమ సందులు ఇడువాలె అంటది. ‘జర్మనీల గట్ల లేదు కాకా’... ఇదొక్కటే పాట. నిన్న మాత్రం ఏరే తీర్గ ఉండె. ‘రేపటి ఓపెనింగ్ ఆపు కాకా’ అన్నది. ఎందుకే అంటె, ‘ఇంకోపారి చూసొచ్చి చెప్త’ అని లోపలికి పోయింది.”

“లోపలికంటే?”

“గీ ఊర్లకే.”

అది నిజంగా ఊరు కాదు. అంకాపూర్‌లో విత్తనాల వ్యాపారం చేసే లింగన్న, నాలుగేళ్ళ కింద రైతుల బృందంతో జర్మనీ వెళ్ళి అక్కడ హోల్డర్‌స్టట్ అనే చిన్న ఊరు చూశాడు. ఏడు వందల ఏళ్ళ నాటి కోట గోడ, కర్ర చట్రాల ఇళ్ళు, నడుమ సంత. ‘అచ్చం మన ఆర్మూరే, పసుపొక్కటి లేదు’ అనుకున్నాడట. తిరిగొచ్చి హైవే పక్క జాగాలో ఆ ఊరినే మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. పెళ్ళిళ్ళకు ఇవ్వాలని, బడి పిల్లలకు చూపించాలని. పని చేసేవాళ్ళు దొరల కోటలా ఉందని దానికి జర్మనీ గడి అని పేరు పెట్టారు. రెండేళ్ళు ఆ అసలు ఊళ్ళోనే ఉండి ఇల్లిల్లూ కొలిచి వచ్చిన ఆర్మూరు అమ్మాయి ప్రవళిక ఈ కట్టడానికి ఆర్కిటెక్టు. రేపు ఆదివారం ప్రారంభం. నిన్న సాయంత్రం నుంచి ప్రవళిక లేదు.

ఆమె తల్లి గంగమణి హైదరాబాద్‌లో ఒక దవాఖానలో ఆయాగా చేస్తుంది. తెల్లవారి మొదటి బస్సుకే నిజామాబాద్ వచ్చి, యమున ఆఫీసు తాళం తీసేదాకా మెట్ల మీద కూర్చుంది. సీఐడీలో పదహారేళ్ళు పనిచేసి, మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న యమునకు అలా కూర్చున్న తల్లులు కొత్త కాదు. ఈమె మాత్రం ఏడవలేదు. “చెప్పకుంట పక్కింటికి గూడ పోదు నా బిడ్డ. ఏడున్నా పానంతోటి తెచ్చియ్యి అమ్మా” అంది.

ఇప్పుడామె కోట దర్వాజా బయట కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. బిడ్డ ఎటునుంచి వచ్చినా ముందు తనకే కనబడాలట. వాచ్‌మన్ తన కుర్చీ ఆమెకిచ్చి, నీడంతా ఆమె వైపే వదిలి, తను ఎండలో నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే.

“లోపలికి పోయిన మనిషి ఊరు దాటి పోయింది మేడమ్. మీరింకా గోడలు చూసుకుంట కూచున్నరు.”

ఆ గొంతు ప్రవీణ్‌ది. హైదరాబాద్‌లో ఒక డిటెక్టివ్ ఏజెన్సీ మనిషి. పొద్దున్నే లింగన్న పిలిపిస్తే కారులో దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

“ఆమె ఫోన్ లొకేషన్ నేను తీసిచ్చిన. హైదరాబాద్ బస్సుల సీటు కింద దొరికింది. పోలీసులు గా దారి పట్టుకొని పోయిండ్రు. కేసు సగం అయిపోయింది.”

“ఫోన్ దొరికింది. మనిషి దొరికిందా ప్రవీణ్ గారూ?”

“ఫోనిడిచి ఏ ఆడపిల్ల ఉంటది మేడమ్ గీ రోజులల్ల?”

“అదే నేనూ అంటున్న. ఫోనిడిచి ఏ ఆడపిల్లా పోదు.”

ప్రవీణ్ నవ్వాడు. “ఆమె వేరే రిసార్టు వాళ్ళతోని మాట్లాడుకుంది. డిజైన్లు పట్టుకొని పోయింది. సాక్షి ఉన్నడు. నరేష్, ఇటు రా.”

నరేష్ కట్టడం కాంట్రాక్టరు. పెర్కిట్ మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. రాత్రి నిద్ర లేనట్టు కళ్ళ కింద నలుపు. అయితే ప్రారంభం ముందురోజు ఇక్కడ నిద్రపోయిన ముఖం ఒక్కటీ లేదు.

“నువ్వు చూసింది చెప్పు నరేష్” అంది యమున.

“చీకటి పడే యాళ్ళకు గేటు దాటి పోయింది మేడమ్. ఆటో ఎక్కింది. బస్టాండ్ దిక్కు పోయింది.”

“ఏ ఆటో?”

“ఆటో అంటె ఆటోనే మేడమ్. పేరడుగుతమా ఏంది?”

“నువ్వెక్కడి నుంచి చూసినవ్?”

“గీ సంత ఇంటి మీదికెళ్ళి. మీద పని చేయిస్తున్న.”

“నీతోని మాట్లాడలేదా?”

“ఏం మాట్లాడుతది? పొద్దున లేస్తె తిట్లే. కర్ర గిట్ల లేదు, సున్నం గట్ల లేదు. నిన్న గూడ తిట్టింది, పోయింది.”

చెప్తూ చెప్తూ అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. యమున అడిగింది. “చేతులు చూపియ్యి.”

గోళ్ళ సందుల్లో పసుపు ఇంకి ఉంది. ప్రవీణ్ పగలబడి నవ్వాడు. నరేష్ కూడా ధైర్యం తెచ్చుకుని అన్నాడు. “ఆర్మూర్ల పసుపంటని చెయ్యి ఒక్కటి చూపియ్యి మేడమ్. నా బిల్డింగ్ నీకు రాసిస్త.”

అదీ నిజమే. పసుపు తవ్వే కాలం. లింగన్న చేతులకూ ఉంది, వాచ్‌మన్ చేతులకూ ఉంది. యమున ఆ మాట అక్కడ వదిలేసింది.

అప్పుడే గోడల మీది స్పీకర్లన్నీ ఒక్కసారి గరగరమన్నాయి.

“అవ్వలార, అక్కలార, తమ్ములార, రాండ్రి. గిది హోల్డర్‌స్టట్ కోట దర్వాజ...”

ప్రవళిక గొంతు.

దర్వాజా బయట కుర్చీ పడిపోయిన చప్పుడైంది. గంగమణి లేచి నిలబడి స్పీకర్ వైపు చూస్తోంది. లింగన్న మైకు సెట్టు దిక్కు పరుగెత్తబోయాడు. “ఏయ్ చిన్నన్నా! బందు చెయ్ రా! తల్లి ఉన్నది గీడ!”

మైకు సెట్టు చూసే చిన్నన్న గది కిటికీలోంచి తల బయట పెట్టాడు. “రేపటికి టెస్టింగ్ సేటూ. చూడవచ్చినోళ్ళకు ఇనిపిచ్చేది. యాదిల లేకపాయె, మాఫ్ చెయ్యి.”

“ఆపకు చిన్నన్నా” అంది యమున. “ఇది ఎప్పుడు రికార్డు చేసిండ్రు?”

“నిన్న భోజనాలైనంక మేడమ్. ఆమె గల్లీ గల్లీ తిరుగుకుంట మాట్లాడుతాంటె నేను మైకు పట్టుకొని ఎనుక తిరిగిన. గీ గల్లీల నడుసుకుంటనే చెప్పింది.”

“అయితే నేనూ నడుస్త. మొదటికెళ్ళి పెట్టు.”

“గైడెడ్ టూరా మేడమ్?” అన్నాడు ప్రవీణ్. అని కూడా వెంట నడిచాడు. నరేష్ వెనుక ఉండిపోబోతే అతని భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చింది కూడా ప్రవీణే. తన సాక్షి మీద అతనికంత నమ్మకం.

స్పీకర్ మళ్ళీ మొదలుపెట్టింది.

“రాజు గీ ఊరికి సంత పెట్టుకునే హక్కు ఇచ్చిండు. సంత హక్కొస్తె గోడ కట్టుకునే హక్కొచ్చినట్టే. సరుకున్నకాడ దొంగ ఉంటడు గద. పొద్దూకితె దర్వాజ బందు. లోపలున్నోడు లోపలనే, బయటున్నోడు బయటనే.”

ఆ మాటకు యమున ఒక్క క్షణం ఆగింది. లోపలున్నవాడు లోపలే. వెనక్కి తిరిగి వాచ్‌మన్‌ని అడిగింది. “నిన్న పొద్దూకినంక ఆమె నీ ముందుకెళ్ళి బయటికి పోయిందా?”

“నేను నమాజుకు పోయొచ్చిన అమ్మా. గప్పుడు పోయిందేమో అంటున్నడు నరేష్ సారు. నేనైతె చూడలే.” అతని ముఖం నిండా నేరం చేసినట్టుంది. యమున అతని చెయ్యి తట్టి ముందుకు నడిచింది.

వీధి మలుపు తిరిగితే చౌక్. చౌక్‌లో సంత ఇల్లు. కింద స్తంభాలు, తెరిచిన వరండా. పైన పెద్ద హాలు, కింది స్తంభాల కంటే మూడడుగులు ముందుకు చొచ్చుకొచ్చి నిలబడింది. పక్కనున్న ఒకే ఒక్క కర్ర మెట్ల మీదుగా కూలి పనికొచ్చిన ఆడవాళ్ళు ఇస్తరాకులు పట్టుకుని పైకెక్కుతున్నారు.

“పనిచేసినోళ్ళు ముందుగాల తినాలె గద” అన్నాడు లింగన్న కొంచెం మొహమాటంగా. “రేపు పెద్దపెద్దోళ్ళొస్తె వీళ్ళకు జాగుండదు. అందుకే ఇయ్యాలనే మీద కూసోబెట్టి పెడుతున్న.”

స్పీకర్ అంటోంది. “గీ గోడకు ఇనుప కడ్డి చూడున్రి. బట్టలమ్మెటోని కొలత మీద అనుమానమొస్తె ఈడికి తెచ్చి కొలుసుకునేది. మన మార్కెట్ యార్డుల కాంట అసొంటిదే. మోసం ఏ దేశంల అయినా ఒక్క తీర్గనే ఉంటదవ్వా.” రికార్డింగులో ఎవరో నవ్వారు. “కింద పొద్దంత బేరాలు, పండుగొస్తె మీద ఆటలు, లగ్గాలు. మీది అంతస్తు ముందుకెందుకొచ్చింది? గోడ లోపల జాగ తక్కువ. కింద బజారు ఇరుకు కావొద్దు, మీద ఇల్లు పెద్దగుండాలె. దూలాలు బయటికి చాపి గోడ దాని మీద నిలబెట్టిండ్రు. బరువంత గా దూలాల మీదనే.”

తరువాత ఇళ్ళ వరస. కర్ర చట్రాల నడుమ తడకలల్లి మట్టి మెత్తి సున్నం కొట్టిన గోడలు. ప్రతి ఇంటి గుమ్మం కిందా రాతి కడప. ప్రతి కడపకూ పసుపు, కుంకుమ బొట్లు. నిన్న శుక్రవారమని పొద్దున్నే పనిచేసే ఆడవాళ్ళు రాశారు. జర్మనీలో ఇలా లేదని ప్రవళిక అనలేదట. తనూ కూర్చుని రెండు కడపలకు రాసిందట. లింగన్న చెప్పాడు.

“ఇగ మీ కుడి దిక్కు చూడున్రి. గిది రొట్టెలు కాల్చెటోళ్ళ ఇల్లు. దాని పక్కకు బట్టలకు రంగులద్దెటోళ్ళ ఇల్లు. నడుమ సందు చూసిండ్రా? మనిషి అడ్డం తిరిగితెనే పడుతడు. నా చూరు నీళ్ళు నీ గోడ మీద పడొద్దని గీ సందు ఇడిసిండ్రు. లింగన్న కాక మాత్రం జాగ దండుగ అంటడు...”

యమున కుడి వైపు చూసింది.

సందు లేదు.

రొట్టెల ఇంటికీ రంగుల ఇంటికీ నడుమ సన్నటి తలుపు ఉంది. మిగతా తలుపుల రంగే. దాని కింద రాయి. రాయి మీద పసుపు, బొట్లు. పక్క పక్కన ఇన్ని కడపలుంటే ఇంకో కడపను ఎవరూ పట్టించుకోరు.

“ఆపమను” అంది యమున. చౌక్ అవతల కిటికీలో ఉన్న చిన్నన్నకు లింగన్న సైగ చేశాడు. గొంతు ఆగిపోయింది. “నరేష్, ఈ సందెప్పుడు మూసిండ్రు?”

“గా సందా మేడమ్? వారం కింద. సేటే మూయమన్నడు.”

“నేనెప్పుడన్న?” అన్నాడు లింగన్న. “మూద్దామా అని నువ్వడిగినవ్. పొద్దుగాల అడిగినవ్, ఇయ్యాల. సరే పిల్ల లేదు గద, మూసెయ్ అన్న. మూసినంక అడిగినవా రా?”

“గా మాటే సేటూ. ముందుగాల గూడ అన్నరు మీరు. ప్రవళిక మేడం గూడ ఒప్పుకున్నది.”

“నిన్న భోజనాలైనంక ఆమె ఇక్కడ నిలబడి సందు చూడున్రి అంటోంది” అంది యమున. “మూసిన సందును చూడమంటుందా?”

ప్రవీణ్ మధ్యలోకి వచ్చాడు. “మేడమ్, కాంట్రాక్టరు పని దాచి అబద్ధమాడిండు. రోజూ ఆడుతరు. రికార్డింగుల ఆమె పాత స్క్రిప్టు చదివి ఉండొచ్చు. దీనికీ అమ్మాయి పోవడానికీ ఏం సంబంధం?”

యమున రాతి ముందు కూర్చుంది. పక్క ఇంటి కడప చూసింది. మళ్ళీ ఇది చూసింది.

“మీ ఇంట్ల కడపకు పసుపెవరు రాస్తరు ప్రవీణ్ గారూ?”

“మా అమ్మ. ఎందుకు?”

“దేంతోని?”

“చేత్తోని. ఇంక దేంతోని రాస్తరు?”

“రాండ్రి, ఇటు చూడున్రి.”

రొట్టెల ఇంటి కడప మీద నాలుగు వేళ్ళు లాగిన చాళ్ళు ఎండి ఉన్నాయి. రంగుల ఇంటి కడప మీదా అంతే. నడుమ రాయి మీద మాత్రం వెంట్రుకంత సన్నటి గీతలు, ఒకటి పక్కన ఒకటి, అంచు నుంచి అంచుకు సాఫుగా. ఒకచోట నల్లటి కుచ్చు వెంట్రుక పసుపులోనే అతుక్కుని ఎండిపోయింది.

“ఇది రంగులేసే బ్రష్” అంది యమున. “ఆడవాళ్ళు రాసిపోయినంక ఈ తలుపు పుట్టింది. వరసల ఒక్క కడప బోడిగ ఉంటే పొద్దున్నే వచ్చే ప్రతి ఆడమనిషి ఆగి అడుగుతది, దీనికెవరు రాయలేదని. ఆ భయానికి రాసిండు. మనూరోడే కాబట్టి రాయకుంట ఉండలేకపోయిండు. చెయ్యి పెట్టి రాసుంటే నేను దాటిపోతుంటి.”

“పసుపు కేసు!” అన్నాడు ప్రవీణ్. కానీ ఈసారి నవ్వు సగంలో ఆగింది. అతనూ కూర్చుని ఆ వెంట్రుకను గోటితో తీసి చూశాడు. “రికార్డు కోసం చెప్తున్న మేడమ్. నేనిప్పటికీ ఒప్పుకోను. అమ్మాయి హైదరాబాద్‌లనే ఉంది.”

“ఉండాలనే మొక్కుకుంటున్న. తలుపు తీస్తే తెలుస్తది.”

“అది తలుపు గాదు మేడమ్” అన్నాడు నరేష్ గబగబా. “ఉత్త పలకలు. ఎనుక గోడ పెట్టినం. తియ్యరాదు. తీస్తె పక్కిండ్ల సున్నం రాలుతది, రేపు ఓపెనింగ్...”

ఇళ్ళ వెనక నుంచి పెద్ద ఇంజను చప్పుడు. నేల సన్నగా వణికింది.

“ఏం బండది?” యమున లేచింది.

లింగన్న తెల్లబోయాడు. “నాకెరుక లేదు. నరేష్?”

యమున అప్పటికే రంగుల ఇంటి లోపలి నుంచి వెనక వాకిలి వైపు పరుగెత్తింది. వెనక సిమెంటు కాంక్రీటు లారీ, దాని గుండ్రటి డ్రమ్ము తిరుగుతూనే ఉంది. మేస్త్రీ ఒకడు లావుపాటి పైపు మూతిని రెండిళ్ళ వెనక గోడల మధ్య మూసిన పలకల్లో ఎత్తున వదిలిన ఒక కంతలోకి తోస్తున్నాడు.

“ఏడికి పోస్తున్నవన్నా?”

“సందులకు మేడమ్. అడుగు నుంచి పై దాకా నింపమన్నరు.”

“ఎవరు?”

“నరేష్ సారు. పొద్దుగాల్నే పోయాలె. మా బండి ఇందల్వాయి కాడ పంచరైంది. పొద్దటికెళ్ళి ఆయన ఫోన్ల మీద ఫోన్లు.”

“ఆపు. డ్రమ్ము కూడా ఆపు. చప్పుడే ఉండొద్దు!”

ఆమె ముఖం చూసి మేస్త్రీ మారు మాట్లాడకుండా పైపు లాగేశాడు. డ్రైవరు ఇంజను ఆపాడు. ఒక పంక్చరైన టైరు ఒక మనిషికి ఎంత సాయం చేయగలదో యమునకు అప్పుడు తట్టింది, కానీ ఆలోచించే వ్యవధి లేదు. వాకిలి దాటి మళ్ళీ వీధిలోకి వచ్చింది. అక్కడ ప్రవళిక గొంతు మళ్ళీ మోగుతోంది. సైగ అర్థం కాక చిన్నన్న రికార్డింగు మళ్ళీ పెట్టినట్టున్నాడు.

“...మట్టి, తడక, కర్ర. మనోళ్ళు కట్టుకున్నదే వాళ్ళూ కట్టుకున్నరు...”

“చిన్నన్నా! బందు!” యమున గొంతు చించుకుని అరిచింది.

టక్కుమని ఆగింది.

స్పీకర్ ఆగింది కానీ గొంతు పూర్తిగా ఆగలేదు.

ఎంత సన్నగా ఉందంటే, ముందు అది పిట్ట కూతేమో అనుకున్నారు. పలకల వెనక నుంచి, కింద నుంచి, మూసిన నోటిలోంచి వచ్చే ఊ అనే మూలుగు. ఒకసారి. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకసారి.

ప్రవీణ్ తల తిప్పి చూశాడు. నరేష్ అప్పటికే నాలుగడుగులు దూరంలో ఉన్నాడు, ఐదోది వేయబోతున్నాడు. ప్రవీణ్ ఒక్క దూకున అతని కాలరు పట్టుకుని గోడకు ఆనించాడు.

“కదిలితే ఇరగ్గొడుత!”

యమున గడ్డపార అందుకుంది. లింగన్న కూడా చేతులతోనే పలక అంచు పట్టుకుని లాగాడు. వేళ్ళు చీరుకుపోయినా వదల్లేదు. మూడో దెబ్బకు మేకులు కీచుమని ఊడాయి. పలకలు వీధిలోకి పడ్డాయి. వెనక నరేష్ చెప్పిన గోడ లేదు. చీకటి, తడి మట్టి వాసన.

ప్రవళిక గోడకు వీపు ఆనించి కూలబడి ఉంది. చేతులు ఇనుప తీగతో కట్టి ఉన్నాయి. నోటికి గుడ్డ. నుదుటి మీద నెత్తురు ఎండిపోయింది. తల మాత్రం పైకెత్తి ఉంది. పైన చూరు సిమెంటు ఎండకుండా పొద్దున్నుంచి కూలీలు నీళ్ళు కొడుతున్నారు. ఆ నీళ్ళు రెండిళ్ళ కప్పుల మీంచి జారి, ఆ సందు దేనికోసం వదిలారో అందుకే, చుక్క చుక్కగా సందులోకే పడుతున్నాయి. నోటి గుడ్డ తడిసి ఉంది. రాత్రంతా దాహంతో ఉన్న పిల్ల ఆ గుడ్డనే చప్పరించింది.

యమున అడ్డంగా తిరిగి లోపలికి దూరింది. గుడ్డ విప్పింది. తీగ విప్పుతుంటే ప్రవళిక ఏదో చెప్పబోయింది, గొంతు రాలేదు.

“మాట్లాడకు బిడ్డా. మీ అమ్మ దర్వాజ కాడనే ఉంది.”

ఆ మాట అవసరమే లేకపోయింది. పలకలు పడిన చప్పుడు విని గంగమణి వీధి మొత్తం పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు ఎక్కడో పోయాయి. సందులోంచి బయటికి తెచ్చిన బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, ఆయా చేతులు కదా, ముందు ముక్కు దగ్గర ఊపిరి చూసింది, తరువాత మణికట్టు పట్టుకుంది, ఆ తరువాతే ఏడ్చింది.

“నేను కావాలని చెయ్యలే!” నరేష్ గోడకు ఆనుకునే అరిచాడు. “సంత ఇంటి మెట్ల మీద కొట్లాడుతాంటె పడ్డది! సచ్చిపోయిందనుకున్న! ఊపిరి లేకుండె!”

“ఊపిరి లేని మనిషికి నోట్ల గుడ్డెందుకురా? ఫోన్ తీస్కపోయి బస్సుల ఎందుకేసినవ్?” అన్నాడు ప్రవీణ్. అన్నాక యమున వైపు చూశాడు. ఆ చూపులో ఓటమి ఉంది, దాచుకోలేదు. “మేడమ్... నేను తప్పు.”

“తరువాత. అంబులెన్సుకు ఫోన్ కొట్టు.”

ప్రవళిక తల్లి కొంగు పట్టుకుని లాగింది. పెదవులు కదిలాయి. యమున చెవి దగ్గర పెట్టింది.

“అక్కా... సంత ఇల్లు.”

“ఏమైంది సంత ఇంటికి?”

“దూలాలు... టేకు గావు. ప్లైవుడ్ డబ్బాలు. లోపల డొల్ల. రంగేసిండు. కొట్టి చూసిన... ఎవల్నీ మీదికి ఎక్కనియ్యకు.”

లింగన్న చేత్తో చౌక్ వైపు చూపించాడు. పైన హాలు కిటికీల్లోంచి ఆడవాళ్ళ మాటలు, గరిటెల చప్పుడు, ఎవరో ఎవరినో ఆటపట్టిస్తే పుట్టిన నవ్వులు వస్తున్నాయి. వరసలు వరసలుగా కూర్చుని తింటున్నారు.

“ఏం గాదు సేటూ, మస్తు గట్టిగున్నది! మస్తు మందిని మోస్తది!” నరేష్ ఇంకా అంటూనే ఉన్నాడు. తను నమ్మిన అబద్ధమే అతనికింకా నిజం.

లింగన్న “దిగున్రి” అని కేక పెట్టబోయాడు. ప్రవళిక చెయ్యెత్తి అతని ధోతి అంచు పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు, కానీ అతను ఆగాడు.

“అరవకు కాకా. మెట్లు ఒక్కటే దిక్కున్నయి... అందరొక్కపారి అటు ఉరికితె బరువంత గా దూలం మీద పడుతది. కూలుతది. ఒక్కొక్కలు... మెల్లగ.”

యమున, ప్రవీణ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రవీణ్ చేతిలో నరేష్ కాలరు. ఆ ఒక్క పట్టు కోసమే అతను హైదరాబాద్ నుంచి వచ్చాడు. రేపటి పేపర్లో ఆ పట్టే ఫొటో.

వదిలేశాడు.

నరేష్ ఒక్క క్షణం నమ్మలేదు. తరువాత వెనక వాకిలి వైపు పరుగెత్తాడు. యమున అతని వెంట పడలేదు. ఆమె కళ్ళు ప్రవీణ్ మీదే ఉన్నాయి. అతను పరుగెత్తకుండా, పరుగెత్తాలని ఒళ్ళంతా అంటున్నా పరుగెత్తకుండా, చౌక్ దాటి కర్ర మెట్లెక్కుతున్నాడు. గుమ్మం దగ్గర చొక్కా సరిచేసుకున్నాడు. లోపలి నుంచి అతని గొంతు వినిపించింది. పెళ్ళింట్లో పెద్దమనిషి గొంతు.

“అమ్మలారా, జర ఇనున్రి! సేటు కింద చీరెలు పంచుతున్నడు! మెట్ల కాడున్నోళ్ళు ముందుగాల. ఒక్కొక్కలు, ఒక్కొక్కలు. ఉరికినోళ్ళకు చీరె లేదు, నేనే పేర్లు రాసుకుంటున్న!”

“తినేటప్పుడు లేపుతరా ఎవలన్న?” అంది ఒక ముసలి గొంతు. అందరూ నవ్వారు.

మొదటి ఆడమనిషి మెట్ల మీద కనిపించింది, చేతిలో ఇస్తరాకు అలాగే పట్టుకుని. తరువాత ఇంకొకామె. లింగన్న మెట్ల కింద నిలబడి రెండు చేతులూ చాపి ఒక్కొక్కరినీ దించుకుంటున్నాడు. “చీరె ఏదే సేటూ?” అంటే “ఇస్త బిడ్డా, ఇస్త, అందరికిస్త” అంటున్నాడు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. గంగమణి ఒళ్ళో ప్రవళిక కళ్ళు మూయలేదు. దిగుతున్న ప్రతి తలనూ చూస్తోంది.

వరస సన్నబడింది. ఆఖరుకు ఇందాకటి ముసలామె, రత్నవ్వ అని ఎవరో పిలిచారు, మోకాళ్ళు పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగింది. ఆమె పాదం నేల మీద పడింది.

పైన ఏదో టప్పుమంది.

స్తంభాల మీదికి చొచ్చుకొచ్చిన గోడ కొంచెం, చాలా కొంచెం, ముందుకు వంగింది. సున్నం పొడి రాలింది. రంగేసిన దూలం అంచు విచ్చుకుని, లోపల ఏమీ లేదని చౌక్‌లో ఉన్న అందరికీ కనిపించింది.

హాలు కిటికీలో ఇస్త్రీ చొక్కా తెల్లగా కనబడుతోంది. ప్రవీణ్ ఇంకా పైనే ఉన్నాడు. చేతుల్లో, తల్లి మూలన నిద్రపుచ్చి నీళ్ళకు పోతే ఎవరి కంటా పడకుండా మిగిలిన ఒక పసిబిడ్డ.

“మేడమ్,” అన్నాడు అక్కడి నుంచే, గొంతు పెంచకుండా. “అమ్మాయినడుగున్రి. నేను ఎక్కడ అడుగు పెట్టాలె?”